రెండు హెక్టార్ల పొలం కంప్యూటర్‌లో సున్నా ఎలా అవుతుంది? బస్తర్ కొలతలు చెప్పే దశాంశాల కథ

జగదల్‌పూర్ పక్కన అడవి అంచులో ఒక పొలం ఉందనుకుందాం. తూర్పు పడమరలుగా 200 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 100 మీటర్లు. అంటే 20,000 చదరపు మీటర్లు. సరిగ్గా రెండు హెక్టార్లు, మన లెక్కలో 4 ఎకరాల 94 సెంట్లు. బడి పిల్లలు కూడా నోటితో చెప్పేసే లెక్క ఇది.

ఇదే పొలం నాలుగు మూలలను మ్యాపు కొలతల్లో రాసి, ఏ జాగ్రత్తా తీసుకోని ఒక ప్రోగ్రామ్‌కు ఇస్తే విస్తీర్ణం సున్నా అని రావచ్చు. అదే ప్రోగ్రామ్‌ను మరో ప్రాసెసర్‌పై నడిపితే 2.2464 హెక్టార్లు అంటుంది. కంపైలర్ కొద్దిగా తేడాగా పనిచేస్తే 0.244 హెక్టార్లు అంటుంది. ఈ యంత్రాల్లో ఏదీ చెడిపోలేదు. అన్నీ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే లెక్క వేశాయి.

ఈ పొలం ఊహాత్మకమే. అంకెలు మాత్రం కాగితం మీద ఎవరైనా సరిచూసుకోగలిగినవి. బస్తర్‌లో పొలం కొలత అంటే కేవలం గణితం కాదు కాబట్టి, ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవడం అవసరం.

కొలతకు అంత విలువ ఎందుకు?

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబర్ 13 నాటికి అడవి భూమిని సాగు చేసుకుంటున్న ఆదివాసీలకు ఆ భూమిపై హక్కు గుర్తించాలి. వాస్తవంగా సాగులో ఉన్న మేరకే హక్కు. అది ఎట్టి పరిస్థితుల్లోనూ 4 హెక్టార్లు దాటకూడదు. దరఖాస్తుల పరిశీలన గ్రామసభ ఏర్పాటు చేసే అటవీ హక్కుల కమిటీతో మొదలవుతుంది. పొలం హద్దులు గుర్తించడానికి జీపీఎస్ పరికరాలు, ఫోన్లు వాడటం ఇప్పుడు మామూలైంది. పోడు భూముల సర్వేల వల్ల తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ప్రాంతాలకూ ఇది కొత్త కాదు.

బస్తర్‌లో మరో చిక్కు ఉంది. నారాయణపూర్ వైపున్న అబూజ్‌మాడ్‌లో చాలా గ్రామాలకు దశాబ్దాల పాటు రెవెన్యూ సర్వేనే జరగలేదు. పాత రికార్డు ఉన్నచోట కొత్త కొలత తప్పయితే పోల్చి చూసుకోవచ్చు. పాత రికార్డే లేనిచోట యంత్రం మొదటిసారి రాసిన అంకే రికార్డవుతుంది. హెక్టార్ల లెక్కలో వచ్చే తప్పు ఒక కుటుంబం తిండిగింజల్లో తప్పు.

దూరం పెరిగేకొద్దీ గీతలు ఎడమయ్యే టేపు

కంప్యూటర్ సంఖ్యలను 0, 1 అనే బిట్లలో దాచుకుంటుంది. పూర్ణాంకాలతో పెద్దగా సమస్య లేదు. దశాంశ సంఖ్యల కోసం ఎక్కువగా వాడే పద్ధతి పేరు ఫ్లోటింగ్ పాయింట్. ఇందులో సంఖ్యను రెండు భాగాలుగా రాస్తారు. మొదటిది ముఖ్యమైన అంకెలు, రెండోది బిందువు ఎక్కడుందో చెప్పే ఘాతం. అణువు పరిమాణం నుంచి నక్షత్రాల దూరం దాకా ఒకే పద్ధతిలో పట్టించడానికి ఈ ఏర్పాటు చేశారు.

దీనికి ఒక మూల్యం ఉంది. ముఖ్యమైన అంకెలకు కేటాయించిన చోటు పరిమితం. 32 బిట్ల సింగిల్ ప్రెసిషన్‌లో అది 24 బిట్లు, అంటే దాదాపు 7 దశాంశ అంకెలు. 64 బిట్ల డబుల్ ప్రెసిషన్‌లో 53 బిట్లు, అంటే దాదాపు 16 అంకెలు. అంతకు మించినదాన్ని దగ్గరి విలువకు గుండ్రం చేయాల్సిందే.

దీన్ని ఒక వింత కొలత టేపులా ఊహించుకోవచ్చు. మొదట్లో గీతలు చాలా దగ్గరగా ఉంటాయి. దూరం రెట్టింపయిన ప్రతిసారీ గీతల మధ్య ఎడం కూడా రెట్టింపవుతుంది. సింగిల్ ప్రెసిషన్‌లో 1,67,77,216 అనే సంఖ్య దగ్గరకు వచ్చేసరికి గీతల ఎడం 2 అవుతుంది. దానికి 1 కలిపితే మళ్లీ 1,67,77,216 మాత్రమే వస్తుంది. ఇంకో 1 కలిపినా అదే. ముందే ఆ రెండు ఒకట్లను కలిపి, వచ్చిన 2ను చేర్చితే మాత్రం 1,67,77,218 వస్తుంది. కూడిక ఏ వరుసలో చేశామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుందన్నమాట. బడిలో నేర్చుకున్న కూడిక సూత్రం ఇక్కడ చెల్లదు.

0.1 లాంటి చిన్న భిన్నంతోనూ ఇదే బాధ. దశాంశ పద్ధతిలో మూడింట ఒకటిని రాస్తే 0.333 అంటూ అంతులేకుండా సాగుతుంది కదా. రెండు ఆధారంగా ఉన్న పద్ధతిలో పదింట ఒకటీ అలాగే సాగుతుంది. అందుకే చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని కనిపిస్తుంది.

బస్తర్ మ్యాపు మీద ఆ గీతలు

జగదల్‌పూర్ దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. రేఖాంశాన్ని సింగిల్ ప్రెసిషన్‌లో దాచితే రెండు వరుస విలువల మధ్య ఎడం 0.0000076 డిగ్రీ. నేల మీద అది దాదాపు 80 సెంటీమీటర్లు. అక్షాంశంలో ఎడం దాదాపు 21 సెంటీమీటర్లు. 16 డిగ్రీల అక్షాంశానికి దిగువన ఉన్న ఒంగోలు, నెల్లూరు వైపు వెళ్తే ఈ రెండోది సగానికి తగ్గుతుంది. సంఖ్య చిన్నదైతే గీతలు దగ్గరవుతాయి మరి.

గుండ్రం చేయడంలో వచ్చే తప్పు గరిష్ఠంగా ఆ ఎడంలో సగం, అంటే రేఖాంశంలో 40 సెంటీమీటర్లు. 100 మీటర్ల గట్టు ఆ మేరకు జరిగితే 40 చదరపు మీటర్లు, దాదాపు ఒక సెంటు. చేతిలో పట్టుకునే జీపీఎస్ పరికరం తప్పే కొన్ని మీటర్లు ఉంటుంది కాబట్టి ఇది పెద్దది కాదనిపించవచ్చు. నిజమే, ఇక్కడిదాకా పెద్ద ప్రమాదం లేదు.

యంత్రం మారితే కథ కాస్త మారుతుంది. జీపీఎస్ చిప్‌లు చాలావరకు తమ స్థానాన్ని డిగ్రీలు, నిమిషాలు కలిపి ఒకే సంఖ్యగా పంపుతాయి. 82 డిగ్రీల 2 నిమిషాలను 8202 అంటాయి. దీన్ని అలాగే సింగిల్ ప్రెసిషన్‌లోకి తీసుకుంటే, 82 డిగ్రీల రేఖ దాటగానే సంఖ్య 8192ను మించిపోతుంది. 8192 అంటే రెండు పదమూడో ఘాతం. కాబట్టి ఆ గీతకు పడమర 86 సెంటీమీటర్లుగా ఉన్న ఎడం తూర్పున 1.7 మీటర్లవుతుంది. ఆ రేఖ జగదల్‌పూర్‌కు కొద్దిగా పడమర నుంచి వెళ్తుంది. దంతెవాడ దానికి అవతల ఉంది. ఒకే పరికరం, ఒకే ప్రోగ్రామ్, అయినా దంతెవాడలో కంటే జగదల్‌పూర్‌లో రెట్టింపు మొద్దుబారుతుంది.

విద్యార్థులు, ఔత్సాహికులు ఎక్కువగా వాడే ఆర్డుయినో ఊనో బోర్డులో ఇంకో ఉచ్చు ఉంది. ప్రోగ్రామర్ డబుల్ అని రాసినా ఆ బోర్డు దాన్ని 32 బిట్ల సింగిల్‌గానే తీసుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో 16 అంకెలు పట్టిన అదే పదం అక్కడ 7 అంకెలే పడుతుంది. తప్పు జరిగినట్టు ఎలాంటి హెచ్చరికా కనిపించదు.

సున్నా ఎలా వచ్చింది?

విస్తీర్ణం లెక్కకు డిగ్రీలు పనికిరావు, మీటర్లు కావాలి. అందుకు సాధారణంగా యూటీఎం అనే పద్ధతి వాడతారు. భూమిని 6 డిగ్రీల చొప్పున 60 మండలాలుగా విడగొడతారు. బస్తర్ 44వ మండలంలో ఉంటుంది. తెలుగు నేలలో ఎక్కువ భాగం కూడా ఇందులోదే. ఈ పద్ధతిలో ఉత్తర కొలత భూమధ్యరేఖ నుంచి మీటర్లలో ఉంటుంది. తూర్పు కొలతను 81 డిగ్రీల మధ్యరేఖకు 5,00,000 అని పెట్టి అక్కడి నుంచి లెక్కిస్తారు. జగదల్‌పూర్ పరిసరాల్లో తూర్పు కొలత సుమారు 6,07,300. ఉత్తర కొలత సుమారు 21,10,000.

మన పొలం నైరుతి మూల సరిగ్గా ఆ బిందువు దగ్గరే ఉందనుకుంటే, ఆగ్నేయ మూల తూర్పు కొలత 6,07,500 అవుతుంది. ఉత్తరపు గట్టు 21,10,100 దగ్గర ఉంటుంది. విస్తీర్ణానికి వాడే సూత్రం పాతదే. ఒక్కో మూల తూర్పు కొలతను తర్వాతి మూల ఉత్తర కొలతతో గుణించాలి. ఆ తర్వాతి మూల తూర్పు కొలతను ఈ మూల ఉత్తర కొలతతో గుణించి, మొదటి లబ్ధం నుంచి తీసేయాలి. నాలుగు మూలలకూ వచ్చిన తేడాలను కూడి, సగం చేయాలి.

చిక్కంతా ఆ గుణకారాల్లో ఉంది. 6,07,300ను 21,10,000తో గుణిస్తే 1 లక్షా 28 వేల 140 కోట్ల 30 లక్షలు వస్తుంది. ఇది 13 అంకెల సంఖ్య. సింగిల్ ప్రెసిషన్ పట్టేది సుమారు 7 అంకెలు. ఇంత పెద్ద సంఖ్య దగ్గర గీతల ఎడం 1,31,072 చదరపు మీటర్లు. అంటే 13.1 హెక్టార్లు, 32 ఎకరాలకు పైమాట. చట్టం ఒక కుటుంబానికి ఇచ్చే గరిష్ఠ పరిమితి 4 హెక్టార్లయితే, యంత్రం చూడగలిగే కనీస అడుగు 13 హెక్టార్లన్నమాట. ఏనుగును తూచే కాటాలో తులం బంగారం వేసినట్టే.

ప్రతి లబ్ధాన్నీ ఆ అడుగుకు గుండ్రం చేసి తీసివేసుకుంటూ పోతే, నాలుగు తేడాలు ఆ అడుగు లెక్కలో మైనస్ 3220, 463, 3220, మైనస్ 463 అవుతాయి. కూడితే సున్నా. అసలు సూత్రంలో మిగలాల్సింది 40,000. అది గీతల మధ్య ఎడంలో మూడో వంతు కూడా లేదు కాబట్టి గుండ్రం చేయడంలోనే కరిగిపోయింది. ఈ పద్ధతిలో జవాబు సున్నా కావచ్చు, 6.55 హెక్టార్లు కావచ్చు, 13.1 హెక్టార్లు కావచ్చు. మధ్యలో ఉండే విలువ ఏదీ రాలేదు.

రెండు పెద్ద సంఖ్యలు దాదాపు సమానమై, ఒకదాని నుంచి ఒకటి పోయినప్పుడు నికరమైన అంకెలన్నీ రద్దయి గుండ్రం చేసిన తప్పే మిగలడం ఫ్లోటింగ్ పాయింట్ లెక్కల్లో అందరికీ తెలిసిన గండం.

యంత్రం మారితే జవాబు ఎందుకు మారింది?

ఒకప్పుడు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. 1964లో వచ్చిన ఐబీఎం సిస్టమ్/360 పదహారు ఆధారంగా దశాంశాలు దాచేది. వ్యాక్స్ యంత్రాలది మరో పద్ధతి, క్రే సూపర్ కంప్యూటర్లది ఇంకో పద్ధతి. ఒకచోట సరిగ్గా నడిచిన ప్రోగ్రామ్ మరోచోట తప్పు చెప్పేది. ఇంటెల్ 1980లో తెచ్చిన 8087 చిప్ రూపకల్పనలో పాలుపంచుకున్న గణిత శాస్త్రవేత్త విలియం కాహన్ ఈ గందరగోళాన్ని సరిచేసే ప్రయత్నానికి ముందు నిలిచారు. ఫలితంగా 1985లో ఐఈఈఈ 754 ప్రమాణం వచ్చింది. 1989లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు దక్కింది.

ఈ ప్రమాణం ఇచ్చే హామీ గట్టిదే. ఒకే ఫార్మాట్‌లో, ఒకే రౌండింగ్ పద్ధతిలో చేసే ఒక్క కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం ఏ యంత్రంలోనైనా ఒకే జవాబు ఇవ్వాలి. అయితే హామీ ఒక్కో మెట్టుకే. మెట్లను ఎలా పేర్చాలన్నది కంపైలర్, ప్రాసెసర్ చేతుల్లో ఉంటుంది. తేడాలు అక్కడి నుంచే వస్తాయి.

మొదటిది, మధ్యంతర విలువలు. పాత 32 బిట్ల పీసీల్లో 8087 వారసత్వపు యూనిట్ లోపల 80 బిట్లలో లెక్క చేసేది. మన పొలం లెక్క మొత్తం ఆ రిజిస్టర్లలోనే జరిగితే జవాబు సరిగ్గా 2 హెక్టార్లు వస్తుంది. అదే ప్రోగ్రామ్‌ను తర్వాతి తరం యంత్రానికి మార్చితే సున్నా వస్తుంది. ప్రోగ్రామ్ అక్షరం కూడా మారలేదు.

రెండోది, గుణకారాన్ని కూడికతో కలిపి ఒకే దెబ్బలో చేసి, చివర్లో ఒక్కసారే గుండ్రం చేసే సూచన. దీన్ని ఎఫ్‌ఎంఏ అంటారు. 2008లో సవరించిన ప్రమాణం దీన్ని చేర్చుకుంది. ఫోన్లలో ఉండే 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లలో ఇది మూల సూచనల్లోనే ఉంది. చాలా కంపైలర్లు దీన్ని తమంతట తామే వాడేస్తాయి. మన సూత్రంలో ప్రతి మూలకూ రెండు లబ్ధాలున్నాయి. ఒకటి ముందుగా గుండ్రమవుతుంది, రెండోది గుండ్రం కాకుండానే తీసివేతలోకి వెళ్తుంది. మొదటి లబ్ధం నికరంగా మిగిలితే జవాబు 22,464 చదరపు మీటర్లు, అంటే 5 ఎకరాల 55 సెంట్లు. రెండోది నికరంగా మిగిలితే మైనస్ గుర్తుతో 2,440 చదరపు మీటర్లు, అంటే 60 సెంట్లు. ఏ లబ్ధానికి ఆ అదృష్టం దక్కాలో కంపైలర్ నిర్ణయిస్తుంది. రైతుకు ఆ సంగతి తెలియదు. సర్వేయర్‌కూ తెలియదు.

మూడోది, కూడిక వరుస. పెద్ద జాబితాను నాలుగు ముక్కలు చేసి ఒకేసారి కూడే ప్రాసెసర్ల వరుస వేరు, ఒక్కొక్కటిగా కూడే వాటి వరుస వేరు. నాలుగోది, సైన్, కొసైన్ లాంటి ఫంక్షన్లు. ప్రమాణం వీటిలో చివరి బిట్ దాకా కచ్చితత్వాన్ని సిఫారసు చేస్తుంది గానీ తప్పనిసరి చేయదు. డిగ్రీలను మీటర్లలోకి మార్చే సూత్రాల నిండా ఇవే ఉంటాయి.

పరిమితి గీత దగ్గర అసలు పరీక్ష

కొద్దిపాటి తేడాకు ఇంత చర్చ ఎందుకని అనిపించవచ్చు. ఫలితం ఒక గీతకు ఇటా అటా అని తేలాల్సినప్పుడు చిన్న తేడా ఉండదు. 1992 ఏప్రిల్‌లో జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్ర ఎన్నికల్లో గ్రీన్ పార్టీకి 5 శాతం ఓట్లు వచ్చాయని, సభలో చోటు దక్కిందని ముందు ప్రకటించారు. నిజానికి వచ్చింది 4.97 శాతం. కాగితం మీద ఒక్క దశాంశ స్థానమే ముద్రించే ప్రోగ్రామ్ దాన్ని 5.0గా చూపింది. తప్పు బయటపడ్డాక ఆ పార్టీ సీట్లు పోయాయి, సభలో బలాబలాలే మారిపోయాయి.

అటవీ హక్కుల చట్టంలో 4 హెక్టార్లదీ అలాంటి గీతే. 3.99 హెక్టార్ల పొలం యంత్రంలో 4.01 అయితే ఆ తేడాను ఎవరి వైపు లెక్కేయాలన్నది ముందుగానే నిర్ణయించుకోవాలి. ఆ పనిని ప్రోగ్రామ్‌లోని ఒక పోలిక గుర్తుకు వదిలేయకూడదు.

విరుగుడు ఖరీదైనది కాదు

మంచి సంగతి ఏమిటంటే ఈ జబ్బుకు మందు చవక. మొదటిది డబుల్ ప్రెసిషన్. అదే లబ్ధం దగ్గర డబుల్‌లో గీతల ఎడం రెండున్నర చదరపు సెంటీమీటర్ల లోపే. మన పొలం మూలలు అందులో ఏ యంత్రంపైనైనా, ఏ వరుసలోనైనా సరిగ్గా 2 హెక్టార్లే ఇస్తాయి. ఎక్సెల్, జావాస్క్రిప్ట్ మామూలుగా వాడేది ఇదే. ప్రమాదమంతా చిన్న పరికరాల్లో, చోటు మిగుల్చుకోవడానికి డేటాబేస్‌లో సింగిల్‌గా దాచిన చోట, గ్రాఫిక్స్ చిప్‌ల లెక్కల్లో.

రెండోది ఇంకా తేలిక. ఏ సర్వేయరైనా సహజంగా చేసే పనే. భూమధ్యరేఖ నుంచి కాకుండా పొలం మూల నుంచి కొలవడం. నాలుగు మూలల నుంచి 6,07,300ను, 21,10,000ను ముందే తీసేస్తే మిగిలేవి 0, 100, 200 లాంటి చిన్న సంఖ్యలు. అప్పుడు సింగిల్ ప్రెసిషన్‌లో కూడా జవాబు నికరంగా 20,000 వస్తుంది. గొలుసు పట్టుకుని పొలం కొలిచిన పాత తరం వాళ్లు భూమధ్యరేఖ దాకా ఎప్పుడూ వెళ్లలేదు కదా.

మూడోది, దశాంశాన్నే వదిలేయడం. డిగ్రీలను కోటితో గుణించి పూర్ణాంకంగా దాచితే, 180 డిగ్రీలు కూడా 32 బిట్లలో పడతాయి. అడుగు దాదాపు 1.1 సెంటీమీటర్లకు తగ్గుతుంది. సింగిల్ ప్రెసిషన్‌లో 80 సెంటీమీటర్లకు సరిపోయిన చోటే ఇక్కడ సెంటీమీటరు దాకా పట్టింది. డబ్బు లెక్కల్లో రూపాయలకు బదులు పైసలను పూర్ణాంకాలుగా దాచే అలవాటు కూడా ఇందుకే.

నాలుగోది, పరీక్ష. ముందే విస్తీర్ణం తెలిసిన కొన్ని పొలాలను ప్రతి కొత్త ఫోన్‌లో, ప్రతి కొత్త వెర్షన్‌లో లెక్కించి చూడాలి. ఆ పరీక్ష పనిచేయబోయే చోటి అంకెలతోనే జరగాలి. భూమధ్యరేఖకు దగ్గరగా, చిన్న సంఖ్యలతో పరీక్షిస్తే ఈ తప్పు బయటపడదు. బస్తర్‌లోనే చూస్తే ఉత్తర కొలత 20,97,152 దగ్గర, అంటే జగదల్‌పూర్‌కు కాస్త దక్షిణాన, సింగిల్ ప్రెసిషన్ అడుగు 12.5 సెంటీమీటర్ల నుంచి 25 సెంటీమీటర్లకు మారుతుంది. బీజాపూర్, సుక్మా ఒకవైపు, కొండగావ్, కాంకేర్ మరోవైపు పడతాయి.

చివరి మాట ఎవరిది?

2012లో సవరించిన అటవీ హక్కుల నియమాలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతిక సాధనాలు మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే. వాటి స్థానంలోకి రాకూడదు. ఊరి పెద్దల మాట, పాత చెట్టు, గట్టు, రాయి, పక్క పొలం వాళ్ల సాక్ష్యం, వీటన్నిటినీ పక్కన పెట్టి తెర మీది అంకెనే చూడమని చట్టం చెప్పలేదు.

తెర మీద 2.2464 అని నాలుగు దశాంశాలు కనిపిస్తే అది చాలా కచ్చితమైన కొలత అనిపిస్తుంది. నిజానికి మన పొలం విషయంలో ఆ నాలుగు అంకెలకూ అర్థం లేదు. యంత్రం ఎన్ని అంకెలు చూపిందన్నది కాదు, వాటిలో ఎన్ని నమ్మదగినవన్నది అడగాలి. కొలత పత్రం మీద విస్తీర్ణంతో పాటు నాలుగు మూలల కొలతలు, ఎంత తప్పు ఉండవచ్చో కూడా రాసి ఇస్తే, గ్రామసభలో పదో తరగతి చదివిన పిల్లలెవరైనా కాగితం మీద మళ్లీ లెక్క వేసి చూడగలరు. 200ను 100తో గుణించడానికి ప్రాసెసర్ అక్కర్లేదు.